ఏడు కుర్చీలు, నాలుగు లక్షల మంది పిల్లలు

లాస్ ఏంజెలెస్ ప్రభుత్వ బడుల్లో పాఠం చెప్పే టీచర్ ఆ బడులను నడిపే బోర్డుకు పోటీ చేయవచ్చు. గెలవవచ్చు కూడా. కానీ సభ్యుడిగా ప్రమాణం చేసే లోపు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాల్సిందే. జీతం తీసుకునేవాళ్లే జీతాలు నిర్ణయించకూడదని కాలిఫోర్నియా విద్యా చట్టం పెట్టిన నియమం ఇది. నడి వయసులో, ఇంటి అప్పు నెత్తిన ఉండగా, నాలుగేళ్ల పదవి కోసం ఉద్యోగం వదులుకునేవాళ్లు ఎందరుంటారు? అందుకే ఆ బోర్డులో తరగతి గదిని ఎరిగినవాళ్లు కనబడితే, వాళ్లు తరచూ రిటైరైన టీచర్లో, రిటైరైన ప్రధానోపాధ్యాయులో అయి ఉంటారు.

గత పదేళ్లలో అలా కూర్చున్న ముగ్గురిని చూద్దాం. జాకీ గోల్డ్‌బర్గ్ కాంప్టన్‌లో టీచర్‌గా పనిచేశారు. 1983 నుంచి 1991 దాకా ఒకసారి బోర్డులో ఉన్నారు. తర్వాత నగర కౌన్సిల్‌కు, రాష్ట్ర అసెంబ్లీకి వెళ్లారు. 2019 ఉప ఎన్నికలో 74 ఏళ్ల వయసులో మళ్లీ బోర్డుకు వచ్చారు. జార్జ్ మెకెనా లెక్కల టీచర్‌గా మొదలై వాషింగ్టన్ హైస్కూల్‌కు ప్రధానోపాధ్యాయుడయ్యారు. ఆ బడిని ఆయన దారిలో పెట్టిన తీరు మీద 1986లో డెంజెల్ వాషింగ్టన్ నటించిన టీవీ సినిమా వచ్చింది. 2014లో బోర్డుకు ఎన్నికైనప్పుడు ఆయనకు 73 ఏళ్లు. మూడో వ్యక్తి స్కాట్ ష్మెరెల్సన్. టీచర్‌గా, కౌన్సెలర్‌గా, ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాక 2015లో గెలిచారు. 2020లో, 2024లో మళ్లీ గెలిచారు.

దశాబ్దాల పాటు హాజరు పట్టీ పట్టుకున్న చేతికి బడ్జెట్ పుస్తకం ఇస్తే పిల్లలకు ఏం ఒరుగుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అంకెలు ఉన్నాయి. కొన్ని ఊరటనిస్తాయి. ఒకటి మాత్రం టీచర్లంటే గౌరవం ఉన్న నాలాంటివాళ్లకు అంత తేలిగ్గా మింగుడుపడదు.

ముందు ఆ కుర్చీ ఎంత పెద్దదో చూడాలి. లాస్ ఏంజెలెస్ ఏకీకృత విద్యా జిల్లా అమెరికాలో న్యూయార్క్ తర్వాత రెండో పెద్దది. 710 చదరపు మైళ్లలో సుమారు 4 లక్షల మంది పిల్లలు. బోర్డు సభ్యులు ఏడుగురే. అంటే ఒక్కో సభ్యుడి కింద దాదాపు 57 వేల మంది. పదవీకాలం నాలుగేళ్లు, మూడు పర్యాయాలకు మించి ఉండకూడదు. సూపరింటెండెంట్‌ను నియమించేది, తీసేసేది బోర్డే. 2022లో మయామీ నుంచి అల్బెర్టో కార్వాలోను తెచ్చుకున్నప్పుడు ఆయన జీతం ఏడాదికి 4,40,000 డాలర్లు. యూనియన్లతో కుదిరే ఒప్పందాలకు, ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపే చార్టర్ బడులకు ఆమోదం చెప్పేదీ బోర్డే. జూన్ నెలాఖరులోగా బడ్జెట్‌ను ఆమోదించేదీ అదే.

2024-25లో ఆ బడ్జెట్ 1,840 కోట్ల డాలర్లు. డాలర్‌కు 84 రూపాయల చొప్పున వేస్తే సుమారు లక్షా 54 వేల కోట్ల రూపాయలు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొత్తం బడ్జెట్ 2.94 లక్షల కోట్లు, అందులో పాఠశాల విద్యకు కేటాయించింది 29,909 కోట్లు. ఒక నగరం బడుల పద్దు మన రాష్ట్రం మొత్తం పద్దులో సగం దాటింది. అక్కడి ధరలు, జీతాలు వేరు కాబట్టి ఈ పోలికను మరీ సాగదీయకూడదు. ఏడుగురి చేతుల్లో ఎంత బరువు ఉందో తెలియడానికి మాత్రం పనికొస్తుంది.

మన దగ్గరా టీచర్లకు పాలనలో చోటుంది, కానీ పద్ధతి పూర్తిగా వేరు. శాసన మండలిలో పన్నెండో వంతు సీట్లు ఉపాధ్యాయ నియోజకవర్గాలవి. ఆంధ్రప్రదేశ్‌లో 58కి 5, తెలంగాణలో 40కి 3. అక్కడ ఓటు వేసేది టీచర్లు, కాబట్టి గెలిచినవారు టీచర్ల గొంతు వినిపించడం సహజం. పీఆర్సీ, బదిలీలు, సర్వీసు నిబంధనలు మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. లాస్ ఏంజెలెస్‌లో టీచర్‌ను బోర్డుకు పంపేది మాత్రం ఆ ప్రాంతంలోని ఓటర్లంతా. పిల్లలు ఉన్నవాళ్లు, లేనివాళ్లు, చిన్న కొట్టు పెట్టుకున్నవాళ్లు, పింఛనుదారులు అందరూ ఓటేస్తారు. ఇక మన బడుల్లో విద్యాహక్కు చట్టం కింద ఏర్పడిన యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాస్తారు, నిధుల ఖర్చు చూస్తారు. టీచర్‌ను నియమించే అధికారం గానీ, పన్ను వేసే అధికారం గానీ వాళ్లకు లేవు. లాస్ ఏంజెలెస్ బోర్డు కూడా ఆస్తి మీద ప్రత్యేక పన్ను కావాలంటే ఓటర్లనే అడగాలి, మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 2019 జూన్‌లో అడిగింది. సగం మంది కూడా ఒప్పుకోలేదు.

పన్ను పుట్టనప్పుడు డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ప్రధానంగా రాష్ట్రం నుంచి. ఇక్కడే రిటైరైన టీచర్‌కు బాగా తెలిసిన అంకె ఒకటి ఎదురవుతుంది. కాలిఫోర్నియా బడికి డబ్బిచ్చేది పేరు రాయించుకున్న పిల్లల లెక్కన కాదు, రోజూ బడికి వచ్చిన పిల్లల సగటు లెక్కన. 30 మంది ఉన్న తరగతికి రోజూ ముగ్గురు రాకపోతే బడికి 27 మంది డబ్బే వస్తుంది. అలాంటి తరగతులు పది ఉంటే 30 మంది డబ్బు పోయినట్టు, అంటే కాగితం మీద ఒక తరగతి మొత్తం మాయమైనట్టు. కానీ ఆ ముప్పై మందీ పది గదుల్లో చెదిరి ఉన్నారు. ఏ గదినీ మూసేయలేం, ఏ టీచర్‌నూ తగ్గించలేం, కరెంటు బిల్లు తగ్గదు.

180 రోజుల బడి ఏడాదిలో 18 రోజులో అంతకన్నా ఎక్కువో రాని పిల్లలను అక్కడ దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కిస్తారు. కోవిడ్ తర్వాత, 2021-22లో లాస్ ఏంజెలెస్ పిల్లల్లో దాదాపు 45 శాతం ఈ లెక్కలోకి వచ్చారు. దానికి తోడు నమోదే పడిపోతోంది. 2000 దశకం మొదట్లో ఈ జిల్లాలో 7 లక్షలకు పైగా పిల్లలు ఉండేవారు. పుట్టుకలు తగ్గాయి, ఇళ్ల అద్దెలు కట్టలేక కుటుంబాలు వలసపోయాయి, కొందరు చార్టర్ బడులకు మళ్లారు. పిల్లలు 7 లక్షల నుంచి 4 లక్షలకు తగ్గినా భవనాలు అదే నిష్పత్తిలో తగ్గవు. రిటైరైన ఉద్యోగులకు ఇస్తానన్న జీవితకాలపు ఆరోగ్య బీమా బాకీ అసలే తగ్గదు. దానికి పక్కన పెట్టాల్సి ఉండీ పెట్టని సొమ్ము వెయ్యి కోట్ల డాలర్ల స్థాయిలో ఉంది. ఇదే జిల్లాలో రిటైరైన టీచర్ బోర్డులో కూర్చుంటే ఈ పద్దు మీద ఎలా ఆలోచిస్తారని ఓటరు అడగడం న్యాయమే. అడిగినంత మాత్రాన అవమానించినట్టు కాదు.

మరి తరగతి గది తెలిసినవాళ్లు అవసరమని నేనెందుకు నమ్ముతున్నానో చెప్పాలి. 2019 జనవరిలో 30 వేల మందికి పైగా టీచర్లు ఆరు బడి రోజుల పాటు సమ్మె చేశారు. లాస్ ఏంజెలెస్‌లో అంతకు ముందు టీచర్ల సమ్మె జరిగింది 1989లో, అప్పుడు గోల్డ్‌బర్గ్ బోర్డు సభ్యురాలే. 2019 ఒప్పందంలో 6 శాతం జీతం పెంపు అందరికీ గుర్తుండిపోయింది. దాని కన్నా నాకు పెద్దదిగా కనిపించే అంకె వేరే ఉంది: పై తరగతుల ఇంగ్లీషు, లెక్కల సెక్షన్లలో గరిష్ఠ సంఖ్య 46 నుంచి 39కి దిగింది.

ఏడుగురు తగ్గితే ఏమవుతుంది అనిపించవచ్చు. ఇంగ్లీషు టీచర్‌కు రోజుకు ఐదు సెక్షన్లు అనుకోండి. సెక్షన్‌కు 46 మంది ఉంటే 230 మంది. వారానికి ఒక వ్యాసం రాయించి, ఒక్కోటి దిద్దడానికి ఐదు నిమిషాలే వేసుకున్నా 1,150 నిమిషాలు, అంటే 19 గంటల 10 నిమిషాలు. 39 మందైతే మొత్తం 195, దిద్దడానికి పట్టేది 16 గంటల 15 నిమిషాలు. తగ్గినా రెండు పనిదినాల బరువు, అదీ బడి వేళలు అయ్యాక. ఇంత దిద్దలేని టీచర్ చేసే పని ఒకటే, వ్యాసాలు రాయించడం తగ్గిస్తారు. వారానికి ఒకటి రాయాల్సిన పిల్లవాడు నెలకు ఒకటి రాస్తాడు. ఈ నష్టం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనబడదు. నోట్సుల కట్ట సంచిలో వేసుకుని ఇంటికి మోసినవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అదే ఒప్పందం ప్రతి బడికీ వారంలో ఐదు రోజులూ నర్సు ఉండాలంది. అంతకు ముందు చాలా బడులకు జిల్లా ఇచ్చే డబ్బుతో నర్సు వచ్చేది వారానికి ఒక రోజే. మిగతా నాలుగు రోజులు పిల్లలకు జ్వరం రాదా?

టీచర్ కన్ను ఎలా పనికొస్తుందో ఐప్యాడ్ల వ్యవహారం చూపించింది. 2013 జూన్‌లో బోర్డు 3 కోట్ల డాలర్లతో 47 బడులకు ఐప్యాడ్లు కొనడానికి ఒప్పుకుంది. ప్రతి విద్యార్థికీ ఒకటి ఇవ్వాలన్న పూర్తి పథకం ఖర్చును 130 కోట్ల డాలర్లుగా లెక్కవేశారు. ఒక్కో పరికరం ధర 678 డాలర్లు. అందులో పియర్సన్ సంస్థ పాఠాలు కలిసే ఉన్నాయి, కానీ ఆ పాఠాలు అప్పటికి పూర్తిగా తయారు కాలేదు. డబ్బు తెచ్చింది బడి భవనాల బాండ్ల నుంచి. బాండ్ల అప్పు తీరడానికి దశాబ్దాలు పడుతుంది, టాబ్లెట్ ఆయుష్షు మూడు నాలుగేళ్లు. పరికరాలు చేతికి వచ్చిన కొద్ది రోజులకే ఒక హైస్కూల్ పిల్లలు భద్రతా తాళాలు దాటేసి తమకు నచ్చిన సైట్లు చూసుకున్నారు.

ఐప్యాడ్ల మీద ఓటు జరిగిన మరుసటి నెలలో బోర్డులోకి వచ్చారు మోనికా రాట్లిఫ్. రిటైరైన టీచర్ కాదు, అప్పటిదాకా ఐదో తరగతికి పాఠం చెబుతూ ఉన్న మనిషి. ఎదుటి అభ్యర్థి కోసం బయటి వర్గాలు 20 లక్షల డాలర్లకు పైగా కుమ్మరించాయి, ఆమె చేతిలో అందులో ఇరవయ్యో వంతు కూడా లేదు. అయినా గెలిచారు, తరగతి వదిలి వచ్చారు. ఐప్యాడ్ల పథకాన్ని పరిశీలించే కమిటీకి అధ్యక్షత వహించి, టెండరు పద్ధతిలో, పాఠాల కొనుగోలులో లోపాలను ఎత్తిచూపే నివేదిక తెచ్చారు. 2014 ఆగస్టులో కొనుగోళ్లు ఆగిపోయాయి. అక్టోబరులో సూపరింటెండెంట్ జాన్ డేసీ రాజీనామా చేశారు. ఆ నివేదికలోని ప్రశ్నలు బడిలో వస్తువు వాడేవాళ్లు అడిగేవే. పాఠం తయారైందా? మొదట ఎవరికి ఇస్తాం? పాడైతే ఎవరు బాగుచేస్తారు?

ఇక మింగుడుపడని అంకె. కాలిఫోర్నియాలో బ్యాలెట్ మీద అభ్యర్థుల వరుసను అక్షరాల లాటరీ తీసి నిర్ణయిస్తారు. పేరు మొదట ఉన్నవారికి కొన్ని ఓట్లు అదనంగా పడతాయి. అంటే ఎక్కడో ఒక చోట లాటరీ పుణ్యాన టీచర్ అభ్యర్థి గెలుస్తారు, మరో చోట అదే లాటరీ వల్ల ఓడతారు. యింగ్ షీ, జాన్ సింగిల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ వీలును పట్టుకుని రాష్ట్రంలోని స్కూల్ బోర్డులను పోల్చి చూశారు. వారి పత్రం 2023లో అమెరికా ఆర్థికవేత్తల సంఘం పత్రికలో వచ్చింది. బోర్డులో విద్యారంగం నుంచి వచ్చిన సభ్యులు ఒకరు పెరిగితే టీచర్ల జీతాలు సుమారు 2 శాతం పెరిగాయి. చార్టర్ బడుల్లో చేరే పిల్లలు తగ్గారు. పిల్లల పరీక్ష మార్కుల్లో మాత్రం మార్పేమీ కనిపించలేదు. బేరసారాల్లో త్రాసు యూనియన్ల వైపు మొగ్గిందని వారి వ్యాఖ్య.

దీన్ని కొట్టిపారేయలేం. అలాగని టీచర్‌ను బోర్డుకు పంపడం దండగ అని కూడా అనలేం. లాస్ ఏంజెలెస్‌లో ఇంటి అద్దె కట్టలేక ఊరు వదిలే టీచర్‌కు 2 శాతం పెరగడం తప్పేమీ కాదు. పిల్లల మార్కులు ఇల్లు, ఆకలి, భాష, హాజరు ఇన్నింటి మీద ఆధారపడినప్పుడు బోర్డులో ఒక కుర్చీ మారితే వెంటనే పెరగకపోవచ్చు కూడా. కానీ జీతం మాత్రం కదిలి చదువు కదలకపోతే, తరగతి అనుభవం ఎవరికి ఉపయోగపడిందని తల్లిదండ్రులు నిలదీయాలి. నా అభిప్రాయంలో ఆ అనుభవం విలువ సభ్యుడు ఏ వైపు ఓటేశాడన్న దాంట్లో లేదు. పద్దు మీదికి వచ్చిన ప్రతి అంకెనూ తరగతి దాకా లాక్కెళ్లి పరీక్షించాడా లేదా అన్న దాంట్లో ఉంది.

లాస్ ఏంజెలెస్ ఓట్లను చూస్తే పరిశోధకుల మాటకు బలం దొరికే సందర్భం ఒకటుంది. 2024 ఫిబ్రవరిలో, పేద పిల్లలు ఎక్కువగా ఉన్న కొన్ని రకాల ప్రభుత్వ బడుల ఆవరణల్లో చార్టర్ బడులకు గదులు ఇవ్వరాదన్న విధానం 4-3తో నెగ్గింది. అనుకూలించిన నలుగురిలో గోల్డ్‌బర్గ్, మెకెనా, ష్మెరెల్సన్ ముగ్గురూ ఉన్నారు. చార్టర్ బడుల సంఘం కోర్టుకెక్కింది. కానీ టీచర్లంతా ఒకే మాట మీద ఉంటారనుకుంటే పొరపాటు. నాలుగు నెలల తర్వాత, జూన్‌లో బడి వేళల్లో మొబైల్ ఫోన్లను నిషేధించే తీర్మానం 5-2తో నెగ్గింది. గోల్డ్‌బర్గ్ ఔనన్నారు. కాదన్న ఇద్దరూ మెకెనా, ష్మెరెల్సన్, ఒకప్పటి ప్రధానోపాధ్యాయులు. నిషేధం ప్రకటించడం తేలిక, వందల మంది పిల్లల దగ్గర ఫోన్లు తీసుకుని సాయంత్రానికి పోకుండా తిరిగి ఇచ్చే భారం బడి మీద పడుతుందని ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవారికి వేరే చెప్పాలా? నేనైతే నిషేధానికే ఓటేసేదాన్ని. అయినా ఆ ఇద్దరి సందేహం లేకుండా ఆ చర్చ పూర్తయ్యేది కాదు.

పోటీకి అయ్యే ఖర్చు సంగతి కూడా చూడాలి. 2017 బోర్డు ఎన్నికల్లో చార్టర్ వర్గాలు, యూనియన్లు కలిసి దాదాపు కోటిన్నర డాలర్లు ఖర్చు పెట్టాయి. దేశంలో అప్పటిదాకా ఏ స్కూల్ బోర్డు ఎన్నికకూ అంత కాలేదు. ఆ ఏడాదే సభ్యుల వేతనం 45,637 డాలర్ల నుంచి లక్షా 25 వేలకు పెరిగింది, వేరే ఉద్యోగం లేనివారికి. అంతకు ముందు ఆ కాస్త జీతంతో లాస్ ఏంజెలెస్‌లో బతకాలంటే వెనక ఆస్తి అయినా ఉండాలి, పింఛను అయినా ఉండాలి. పెంపు మీద విమర్శలు వచ్చాయి గానీ నాకది సబబుగానే తోచింది. నడి వయసు టీచర్, బస్సు డ్రైవర్, పిల్లల తల్లి పోటీకి రావాలంటే ఆ జీతంతో ఇల్లు గడవాలి కదా.

ఓటేసేవాళ్లు మాత్రం తక్కువ. బేసి సంవత్సరాల్లో విడిగా జరిగే ఎన్నికల్లో కొన్నిసార్లు పోలింగ్ పది శాతం దాటడం కూడా కష్టమయ్యేది. ష్మెరెల్సన్ మొదటిసారి గెలిచిన 2015 మే ఎన్నిక అలాంటిదే. వేల కోట్ల రూపాయల పద్దును పదిమందిలో ఒకరు కూడా ఓటేయని ఎన్నిక నిర్ణయించడం బాగాలేదని ఓటర్లే గుర్తించి, ఆ ఏడాది మార్చిలోనే బోర్డు ఎన్నికలను సరి సంవత్సరాలకు మార్చే సవరణను ఆమోదించారు. 2020 నుంచి అది అమల్లో ఉంది.

కాలిఫోర్నియాలో పిల్లలను ప్రభుత్వ బడికి పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. వీసా మీద ఉన్నాం, మనకు ఓటు లేదు, బోర్డుతో మనకేం పని అని చాలామంది ఊరుకుంటారు. ఓటు సంగతి నిజమే. ఒక్క శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం 2016లో ఓటర్లు ఆమోదించిన నిబంధన వల్ల పౌరసత్వం లేని తల్లిదండ్రులు స్కూల్ బోర్డు ఎన్నిక వరకు ఓటేయవచ్చు. లాస్ ఏంజెలెస్‌లో అలాంటి వీలు లేదు. కానీ సమావేశానికి వెళ్లి మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం సాధారణ సమావేశం ఎజెండాను 72 గంటల ముందే అందరికీ కనిపించేలా పెట్టాలి, నిర్ణయం తీసుకునే లోపు జనానికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. హాజరు కావడానికి పేరు చెప్పమని షరతు పెట్టకూడదు. మీ బోర్డు ఎజెండా తెరిచి, ఖర్చు పద్దు ఒకటి పట్టుకుని, దీనివల్ల మా పిల్లల తరగతిలో ఏం మారుతుందని అడగండి. ఆ కుర్చీలో రిటైరైన టీచర్ ఉంటే ఇంకా గట్టిగా అడగండి, వారికి జవాబు తెలిసి ఉండాలి. ఇంగ్లీషులో మాట్లాడటానికి జంకితే అనువాదకుణ్ని వెంటబెట్టుకుని తెలుగులోనే మాట్లాడవచ్చు. అలా మాట్లాడేవారికి మామూలుగా ఇచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది.